ఇంటివిద్య – ఆవకాయ

వైశాఖమాసము ప్రవేశించునప్పటికి తెలుగునాట ఎండలు ముదురును. చెఱువులు అడుగంటును, పెరటిలోని పాదులు వాడిపోవును. మామిడిచెట్టు మాత్రము ఆ కాలముననే కాయల బరువుతో కొమ్మలు వంచి నిలుచును. సంతలలో పచ్చికాయలను రాసులుగా పోయుదురు. కాయలు కొట్టియిచ్చువారు పెద్ద కత్తులతో చెట్లనీడల కూర్చుందురు. ఒకప్పుడు ఈ దినములలో ఇంటింట రోకటిపోట్లు వినబడెడివి. నేడు కారపు మరల ముందు జనులు బారులు తీరుచున్నారు. ఈ సందడి యంతయు ఒక్క పచ్చడి కొఱకు. అదియే ఆవకాయ.

ఆవపిండి కలిపి పెట్టిన కాయ గనుక దానికి ఆవకాయ యని పేరు వచ్చినది. వేడి యన్నములో ముద్దపప్పును, నేతిని కలుపుకొని, ఆవకాయ ముక్కను నంజుకొనుట తెలుగువారికి మిక్కిలి ప్రీతి. ఆ రుచి యెఱుగనివారు అరుదు. కాని ఆ రుచి వెనుకనున్న విద్య నెఱిగినవారు నానాటికి తగ్గుచున్నారు. అది నిప్పు లేకుండ చేయు వంట; కొద్ది వారముల పంటను పండ్రెండు నెలలు నిలుపు నేర్పు; తల్లి చేతినుండి బిడ్డ చేతికి దిగివచ్చిన శాస్త్రము. దాని లోతు తెలియవలెనన్నచో, ముందుగా అది యెందులకు పుట్టినదో తెలిసికొనవలెను.

మామిడికాయ చెట్టుమీద ముదిరి, ఇంకను పండక, పుల్లగా నుండు కాలము కొద్ది వారములు మాత్రమే. కోయకున్నచో అది పండును, కోసి యుంచినను పండును, తుదకు కుళ్ళును. ఇంటింట విద్యుత్తును, రిఫ్రిజిరేటరును లేని కాలమున ఈ కాయను ఏడాది పొడుగున దాచుకొనుటకు మన పెద్దలు కనుగొనిన ఉపాయములలో ఆవకాయ ముఖ్యమైనది. వానకాలమున వాగులు పొంగి సంతకు దారి తెగినప్పుడు, పొలమున నాట్లో కోతలో ముమ్మరముగ సాగుచు ఇంట కూర వండుటకు తీరిక లేనప్పుడు, జాడీలోని ఆవకాయయే కూర యగును. కూలికి పోవు పేదవాని సద్దిమూటలో చల్లయన్నమునకు తోడుగ నుండునదియు అదియే.

ఇట్టి యాధారమగుటచేతనే అది చెడిన యింట ఆ యేడు కొఱతయే. జాడీకి బూజు పట్టినచో పోవునది పచ్చడి మాత్రము కాదు. కాయలకును, కారమునకును, నూనెకును పెట్టిన సొమ్ము పోవును. నాలుగు దినముల శ్రమ పోవును. మరల పెట్టుదమన్నను కాయ దొరకదు. వచ్చు వేసవి దాక వేచియుండవలసినదే. కావుననే ఇల్లాలు ఆవకాయ పెట్టు దినమున పరీక్షకు కూర్చున్న విద్యార్థి వలె ఏకాగ్రత వహించును.

ఆవకాయకు ముఖ్యముగ కావలసిన వస్తువులు ఐదు: మామిడికాయలు, ఆవాలు, మిరపకాయలు, ఉప్పు, నూనె. మెంతులు, వెల్లుల్లి, శనగలు మొదలగువానిని ఇంటి యలవాటును బట్టి చేర్తురు.

కాయ పుల్లగా, గట్టిగా, పీచు కలిగి, లోపల టెంక ముదిరినదై యుండవలెను. టెంక లేతదైనచో కాయ కత్తికి సులభముగ తెగును గాని, ముక్క జాడీలో మెత్తబడిపోవును. టెంక ముదిరినచో ప్రతి ముక్కకును దాని పెచ్చు అంటియుండి, ముక్క విడిపోకుండ పట్టి యుంచును. బంగినపల్లి పండుగా తినుటకు మేటి; ఆవకాయకు మాత్రము పుల్లని నాటుకాయలను, కొత్తపల్లి కొబ్బరి వంటి రకములను, రసపు జాతుల పచ్చికాయలను కోరుదురు. ఏలూరు జిల్లాలోని నూజివీడు, తెలంగాణములోని జగిత్యాల, కొల్లాపురము మామిడితోటలకు పేరుపొందినవి. అయినను పెరటిలో మంచి చెట్టున్న యింటివారు ఆ చెట్టు కాయనే కోరుదురు; ఏండ్ల తరబడి దాని పులుపెంతయో, దానికి ఉప్పెంత పట్టునో వారి చేతికి తెలిసియుండును.

మిరపకాయ మొదట మన దేశపు పంట కాదనిన పలువురికి ఆశ్చర్యము కలుగును. దాని పుట్టినిల్లు అమెరికా ఖండము. 1492లో కొలంబసు ఆ వైపునకు ఓడలు నడిపిన పిదప అది తక్కిన దేశములకు ప్రాకెను. 1498లో వాస్కో డ గామా కాలికట్టునకు వచ్చిన తరువాత, పోర్చుగీసు వర్తకుల మూలమున మన దేశమున అడుగిడెను. అంతకు పూర్వము మన వంటలకు కారము నిచ్చినవి మిరియములు. మిరియము, మిరప యను పేర్ల పోలికలోనే ఈ చరిత్ర కొంత కనబడుచున్నది. కావున మిరపకారముతో ఎఱ్ఱగా నుండు నేటి ఆవకాయకు వయస్సు ఐదువందల యేండ్లు మించియుండదు. దూరదేశమునుండి వచ్చిన ఆ మిరప మన నేలలో ఎంతగా నాటుకొనెననిన, నేడు గుంటూరు పేరు చెప్పగనే జనులకు మిరపయే స్ఫురించును. వరంగల్లు ప్రాంతపు చపాటా మిరప ఘాటు తక్కువ, రంగు ఎక్కువ యగుటచే పచ్చళ్ళకు పేరుపడినది.

ఆవాలు అధికముగ రాజస్థాన్ మొదలగు ఉత్తర రాష్ట్రములనుండి మనకు వచ్చును. ఉప్పు మన తీరముననే పండును. శ్రీకాకుళము జిల్లాలోని నౌపడ, బాపట్ల జిల్లాలోని చినగంజాము ఉప్పుమళ్ళకు ప్రసిద్ధములు. అచ్చట సముద్రపు నీటిని మళ్ళలో నిలిపి, ఎండకు ఇగిర్చి, కల్లుప్పును తీయుదురు. నూనెలలో నువ్వుల నూనె శ్రేష్ఠము. ఇట్లు తోటలోని పులుపు, చేనిలోని కారము, సముద్రములోని ఉప్పు ఒక్క జాడీలో చేరుచున్నవి.

ఇక పెట్టు విధానము. ముందుగా ఆవాలను, మిరపకాయలను, ఉప్పును వేర్వేరుగ ఎండబెట్టి, దంచి గాని మర పట్టించి గాని జల్లించి యుంచుకొందురు. ఆవాలను వేయింపరు, ఎండ తగిలించుటయే చాలును. కాయలను నీటిలో వేసి కడిగి, ఒక్కొక్కదానిని పొడిగుడ్డతో తుడిచి, తడి యారువఱకు నీడలో పఱతురు. పిమ్మట టెంకతో సహా ముక్కలు కొట్టి, లోపలి జీడిని తీసివైచి, టెంకకు అంటియున్న పలుచని పొరను గీకివేయుదురు. ప్రతి ముక్కను మరల పొడిగుడ్డతో తుడుతురు. ఈ పని పిల్లలకు అప్పగించుట చాల ఇండ్లలో వాడుక.

పాళ్ళు ఇంటింటికిని మారును. చాల ఇండ్లలో వినబడు ఒక కొలత యిది: నాలుగు సోలల ముక్కలకు ఒక సోల కారము, ఒక సోల ఆవపిండి, ముప్పాతిక సోల ఉప్పు. ఈ మూడు పిండ్లను ఒక వెడల్పు పాత్రలో బాగుగ కలిపి, పిడికెడు మెంతులు చేర్తురు. ముక్కలను గుప్పెడు గుప్పెడుగా నూనెలో ముంచి తీసి, పిండిలో దొరలించి, జాడీలో వేయుదురు. మిగిలిన పిండిని పైన చల్లి, నూనె పోసి, జాడీ మూతికి శుభ్రమైన గుడ్డతో వాసెన కట్టుదురు.

ఇంతటితో పని ముగియదు. మూడవ దినమున వాసెన విప్పి, పొడిగా నున్న కొయ్య తెడ్డుతో అడుగునుండి పైకి తిరుగ కలుపుదురు. అప్పటికి ముక్కలనుండి ఊట దిగి, పొడిగా నున్న పిండి ముద్దగా మారియుండును. ఆనాడే ఉప్పు చాలినదో లేదో రుచి చూచి, తక్కువైనచో కలిపి, నూనె ముక్కలపైన తేలునట్లు పోయుదురు. మొదట ముక్కునకెక్కు ఘాటుతో, కొంచెము చేదుతో నుండు పచ్చడి వారములు గడచుకొలది ఊరి, పులుపు, ఉప్పు, కారము ఒకదానిలో నొకటి కలిసి కమ్మనగును.

ఈ విధానమున ఒక్క మాట మాటిమాటికి వినబడును: “తడి తగులరాదు.” కాయకు తడి యుండరాదు, కత్తికి తడి యుండరాదు, జాడీకి, తెడ్డుకు, చేతికి తడి యుండరాదు. పెద్ద జాడీని దినదినము తెఱవరాదు. వారమునకు సరిపడ చిన్న పాత్రలోనికి తీసికొని వాడుకొనవలెను. ఈ నియమములను ఇంటి పెద్దలు ఏల యని చెప్పక విధించెడివారు. పిల్లలు అడిగినచో, “చెడిపోవును” అనియే సమాధానము. అది నిజము. ఏల చెడునో చెప్పుటకు సూక్ష్మజీవుల శాస్త్రము రావలసి వచ్చినది.

ఆహారము తనంత తాను చెడదనియు, గాలిలోను ధూళిలోను నుండు కంటికి కనబడని సూక్ష్మజీవులు అందు చేరి పెరుగుటయే కారణమనియు 1860 ప్రాంతమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు ప్రయోగములతో నిరూపించెను. ఆ జీవులు పెరుగుటకు నీరు కావలెను. నీరు దొరకకుండ చేసినచో అవి పెరుగలేవు. ఆవకాయలోని ప్రతి వస్తువును ఏదో యొక విధముగ ఆ జీవులకు అడ్డుపడుచున్నది.

మొదటిది ఉప్పు. తరిగిన దోసకాయ ముక్కలపై ఉప్పు చల్లి కొంతసేపు ఉంచినచో నీరూరుట అందఱును చూచినదే. ఉప్పు ముక్కలోని నీటిని బయటకు లాగును. సూక్ష్మజీవి దేహములోని నీటిని సయితము అట్లే లాగి దానిని నిస్సత్తువ చేయును. ఊటలో మిగిలిన నీరు ఉప్పుతో నిండియుండుటచే వాని కుపయోగపడదు. ఒక్క నీటిబొట్టు జాడీ యంతటిని పలుచన చేయలేదు; కాని అది పడిన చోట ఉప్పు పలుచనై, బూజు మొలచుటకు చిన్న తావు దొరకును. అచ్చట పుట్టిన బూజు క్రమముగ ప్రాకును. తడిచేతిని గూర్చి అవ్వలు చేసిన హెచ్చరికలోని రహస్య మిదియే.

రెండవది పులుపు. పచ్చి మామిడికాయలో ఆమ్లములు అధికముగ నున్నవి. గాలి లేని చోటనే పెరుగు హానికరములైన సూక్ష్మజీవులు కొన్ని కలవు. నూనెతో కప్పబడిన జాడీలో గాలి యుండదు గనుక అట్టివి పెరుగుటకు అవకాశమున్నట్లే తోచును; కాని పులుపు వానిని పెరుగనీయదు. అందువలననే పులుపు లేని కూరలను కేవలము నూనెలో ముంచి నిలువచేయుట ప్రమాదకరము. “పుల్లని కాయనే తెండు” అను పెద్దల మాట రుచికొఱకు మాత్రమే కాదు, క్షేమము కొఱకు కూడ.

మూడవది ఆవపిండి. ఆవగింజ నొకదానిని నమలక మ్రింగినచో ఘాటు తెలియదు, నమిలినచో ముక్కునకెక్కును. గింజలో రెండు పదార్థములు వేర్వేరు అరలలో నున్నవి. గింజ నలిగి తడి తగిలినప్పుడు అవి కలిసికొని ఘాటైన తైలమును పుట్టించును. ఆ తైలము సూక్ష్మజీవులను అణచును. ఆ రెండింటిలో నొకటి ఎంజైము; అది వేడికి నశించును. పోపులో చిటపటలాడిన ఆవాలకు ఘాటు లేకపోవుటకును, ఆవకాయకు ఆవాలను వేయింపక ఎండబెట్టుటతోనే సరిపుచ్చుటకును కారణమిదే. ముక్కలనుండి దిగిన ఊటయే ఆ పిండికి కావలసిన తడి నిచ్చి ఘాటును లేపును.

నాలుగవది నూనె. బూజు పెరుగుటకు గాలి కావలెను. నూనె ముక్కలపై తెరవలె నిలిచి గాలిని తగులనీయదు. నువ్వుల నూనెలో సహజముగ నున్న కొన్ని ద్రవ్యములు అది త్వరగా పాతబడి చెడువాసన కొట్టకుండ కాపాడును. జాడీ విషయమునను ఇట్టి వివేకమే కలదు. రాగి, యిత్తడి పాత్రలలో పులుపును ఉప్పును కలిసి చిలుము పుట్టించును. ఆ చిలుము ఆరోగ్యమునకు చెఱుపు. పింగాణి జాడీకి ఆ బాధ లేదు.

అట్లని పెద్దలు చెప్పిన ప్రతి నియమమును శాస్త్రమే యనుటయు సరికాదు. ఫలాని వారమున పెట్టరాదనియు, ఫలానివారు తాకినచో పచ్చడి చెడుననియు, స్త్రీలు కొన్ని దినములలో జాడీ దరికి రాగూడదనియు కొన్ని నమ్మకములుండెడివి. కొన్నిచోట్ల నేటికిని ఉన్నవి. స్నానము చేసి, చేతులు తుడుచుకొని, శుభ్రమైన పొడిబట్ట కట్టుకొనుట పచ్చడికి మేలు చేయును. కాని జాడీకి మనుష్యుల భేదము తెలియదు. తడి తెలియును, మురికి తెలియును. విద్య నేర్చువాడు ఆచారములోని గింజను తీసికొని పొట్టును విడువవలెను.

ఒకే పచ్చడి ప్రాంతమును బట్టి వేఱువేఱు రూపములు తాల్చినది. తెలంగాణమున చాల ఇండ్లలో నూనెను కాచి, పోపు పెట్టి, చల్లార్చి, అల్లము వెల్లుల్లి ముద్దతో కలిపి ఆవకాయ పెట్టుదురు. ఆవఘాటు పడనివారు ఆవపిండికి మాఱు పెసరపిండి వేసి పెసరావకాయ పెట్టుదురు. మెంతిపిండి ప్రధానముగ నుండునది మెంతికాయ. బెల్లము చేర్చినది బెల్లపావకాయ. పిల్లలకు అది మిక్కిలి ప్రియము. మాగాయ కొఱకు కాయ చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పులో ఊరవేసి, ముక్కలను ఊటను వేర్వేరుగ ఎండబెట్టి, పిదప కారము, మెంతిపిండి కలుపుదురు. ఎండ మిక్కుటముగ కాయు మన వేసవి ఇందుకు సహాయపడును. ఈ భేదములలో ఒకటి యెక్కువ, ఒకటి తక్కువ యనుట లేదు. ఆ యా ఊరి కాయకు, ఆ యా ఇంటి నాలుకకు తగినట్లు అవి ఏర్పడినవి.

ఇంతటి విద్యకు గ్రంథము లేదు. వంటల పుస్తకములు నేడు పెక్కు వెలువడుచున్నను, ఒక్కొక్క యింటి పాళ్ళు ఆ యింటి ఆడవారి చేతిలోనే యున్నవి. మనుమరాలు, “అమ్మమ్మా, ఉప్పెంత వేయవలెను?” అని అడుగును. అమ్మమ్మ నవ్వి, “సరిపడ వేయుము తల్లీ! చూచుచుండుము, నీకే తెలియును” అని చెప్పును. ఆమె దాచిపెట్టుట లేదు. ఏబది యేండ్లుగా చేయి చేసిన పనిని మాటలలోనికి తెచ్చుట ఆమెకు అలవాటు లేదు. ప్రక్కన నిలిచి యేటేట చూచువారున్నంత కాలము ఈ పద్ధతి చక్కగ సాగెను. పిల్లలు చదువులకును, ఉద్యోగములకును దూరమేగిన పిమ్మట చూచువారు తక్కువైరి.

అట్టియెడ ఏమి జరుగునో తెలిసికొనుటకు ఒక యింటిని ఊహింపుడు. అత్తగారు ఇత్తడి సోలతో కొలిచి యేటేట ఆవకాయ పెట్టెడిది. ఆమె గతించిన పిదప కోడలు ఆ సోలనే తీసికొని, చూచిన కొలతనే జ్ఞాపకము చేసికొని పెట్టెను. పచ్చడి నోట పెట్టరానంత ఉప్పగా నుండెను. మరుసటి యేడు భయపడి ఉప్పును బాగుగ తగ్గించెను. వానకాలము నడుమ జాడీకి బూజు పట్టెను. సోల మారలేదు, కొలత మారలేదు, మఱి తప్పెక్కడ? అత్తగారు వాడినది గరుకుగా దంచిన కల్లుప్పు. కోడలు వాడినది దుకాణమున పొట్లములలో అమ్ము మెత్తని ఉప్పు. గరుకు పలుకుల నడుమ ఖాళీ యెక్కువ. మెత్తని పొడిలో ఖాళీ తక్కువ. కావున ఒకే సోలలో మెత్తని ఉప్పు ఎక్కువ బరువు పట్టును. ఈ చిన్న సంగతిని చెప్పువారు లేక రెండేండ్ల పచ్చడి పాడాయెను.

కొలతల పేళ్ళు సయితము మరపునకు వచ్చుచున్నవి. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచము. ఇవి ఘనపరిమాణపు కొలతలు. పైగా ప్రాంతమును బట్టి వాని పరిమాణము కొంత మారెడిది. మన దేశమున మెట్రిక్ కొలతలను ప్రవేశపెట్టుటకు 1956లో చట్టము చేసిరి. 1958 నుండి ఆ కొలతలు దశలవారీగ అమలునకు వచ్చినవి. కిలోగ్రాములతో పెరిగిన నేటి పిల్లలకు అవ్వ చెప్పు “తవ్వెడు కారము” అర్థము కాదు. అవ్వకు గ్రాముల లెక్క పట్టదు. ఈ రెండు తరముల నడుమ వంతెన వేయగలవారు చదువుకొన్న పిల్లలే.

ఆ వంతెన వేయుట కష్టమైన పని కాదు. అవ్వ పిడికిట తీసిన ఉప్పును జాడీలో వేయుటకు ముందు ఒక గిన్నెలో పట్టి తూచవచ్చును. సోలెడు కారము ఎన్ని గ్రాములో, సోలెడు ఆవపిండి ఎన్ని గ్రాములో వేర్వేరుగ తూచి వ్రాసికొనవచ్చును; అన్నింటి బరువు ఒకటి కాదు. ఏ చెట్టు కాయయో, ఏ నెలలో కోసినదో, ఉప్పు గరుకో మెత్తనో, నూనె యెంత పట్టినదో, మూడవనాడు ఏమి కలిపిరో గుర్తింపవలెను. అంకెలలో ఇమడని గుర్తులను కూడ విడువరాదు: పిండి వ్రేళ్ళకు ఎట్లు అంటుకొనవలెను, ఊట ఏ రంగున నుండవలెను, ముక్కను కొఱికినప్పుడు ఎట్టి చప్పుడు రావలెను అనునవి. ఎవరినుండి నేర్చినదియు వ్రాసి యుంచుట న్యాయము. వేసవి సెలవులలో ఒక నోటుపుస్తకము చాలును.

ఈ పని ఆడపిల్లలదే యనుకొనుట పొరపాటు. కాయ కొట్టుట, కారము దంచుట మొదలగు బరువుపనులలో మగవారు తోడ్పడు ఇండ్లు పూర్వమునుండియు కలవు. ఆవకాయ తినుటలో భేదము లేనప్పుడు నేర్చుటలో భేదమేల? చదువునకో ఉద్యోగమునకో దూరదేశములకేగిన తెలుగు యువకులు పెట్టెలలో బట్టల నడుమ పచ్చడి పొట్లములు సర్దుకొనిపోవుట నేడు సామాన్యము. ఆ పొట్లము ఆఱునెలలలో తీరిపోవును. నేర్చిన విద్య తీరిపోదు. పుల్లని మామిడికాయ దొరకు ఏ దేశమునందైనను దానితో ఆవకాయ పెట్టుకొనవచ్చును.

ఆవకాయలో ఉప్పును నూనెయు అధికము గనుక మితముగ తినవలెననియు, రక్తపుపోటు కలవారు మఱింత జాగ్రత్త వహింపవలెననియు వైద్యులు చెప్పుదురు. పూర్వులు దానిని కూరవలె గిన్నెడు తినలేదు. ఒక్క ముక్కతో ముద్దలన్నియు నడిపించిరి. ఆ మితము కూడ ఈ విద్యలోని భాగమే.

ఎన్నో తరముల స్త్రీలు పుస్తకము లేకయే కాయను, ఎండను, ఉప్పును పరిశీలించి, చెడినదానినుండి నేర్చి, నిలిచినదానిని నిలుపుకొని ఈ విద్యను మనకు అందించిరి. వారి పేళ్ళు ఏ చరిత్రలోను లేవు. వారు పెట్టిన పాళ్ళు మాత్రము ఇంకను కొన్ని ఇండ్లలో బ్రదికి యున్నవి. వచ్చు వైశాఖమున ఇంటిలో కాయలు కొట్టునప్పుడు పొడిగుడ్డ పట్టుకొని ప్రక్కన కూర్చుండి, చూచి, అడిగి, తూచి, వ్రాసికొన్న పిల్లల వలన అవి మఱియొక తరము నిలుచును.